చుట్టని చుక్క

పోయిన వారం మనం దేవకిని తిరువళ్ళూరు స్టేషన్‌లో, చేతిలో లేహ్యం డబ్బాతో దించి వదిలేశాం. పక్కన కోకిల ఉంది కాబట్టి భయం లేదు. కోకిల మద్రాసులో పరిశోధన చేసే మనిషి. ఒక ప్రాణి నుంచి ఇంకో ప్రాణి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇల్లు, ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మ ఎలా పుట్టుకొస్తాయో, ఈ మూడింటికీ పోలిక ఏమైనా ఉందేమో చూడాలని ఆమె పట్టుదల. "మూడు అంగళ్ళ సరుకు ఒకే గోతంలో వేసినావు" అని ఆమెకు చదువు చెప్పే ద్వారకనాథ్ గారు విసుక్కుంటారట. ఆ గోతం భుజాన వేసుకునే ఆమె తిరుత్తణి పక్కన దేవకి వాళ్ళ ఊరికి వచ్చింది. దేవకి అవ్వ మునెమ్మను పట్టు వదలకుండా బతిమాలి, పురిటి గదిలో వేసే ముగ్గును వేయించుకుని, దేవకితో కలిసి చూసింది.

అది వాకిట్లో వేసే ముగ్గు కాదు. బాలింతకు నీళ్ళు పోసే రోజున, గది గడపకు లోపలి పక్క, బియ్యప్పిండితో బాలింత తల్లి వేస్తుంది. కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు పడక మీద నుంచే చూసి నేర్చుకుంటుంది. ఆ కూతురు రేపు తన కూతురికి వేస్తుంది. ఒక్కో ఇంటిది ఒక్కో మెలిక. బిడ్డను బయటికి తెచ్చేలోపే చెరిపేస్తారు కాబట్టి పక్కింటివాళ్ళకు కూడా అది తెలియదు. మునెమ్మ వేసిన ముగ్గులో ఒక తప్పుంది. గీత చుక్కలన్నిటినీ చుట్టుకుంటూ వచ్చి, కుడి కొసన ఉన్న ఒక్క చుక్కను మాత్రం చుట్టకుండా పక్కనుంచి వెళ్ళిపోతుంది. ఎందుకలా అని కోకిల అడిగితే, "మాయమ్మ అట్లే ఏసేది" అనేసి మునెమ్మ లేచి పెరట్లోకి పోయింది.

ఇక దేవకి అక్క మునిలక్ష్మి. పొడుగు మనిషి. "తాళి కట్టేదానికి నిచ్చెన ఏస్కోవాల" అని నవ్వుకుంటూ ఎన్ని సంబంధాలు వచ్చిన దారినే వెళ్ళిపోయాయో లెక్క లేదు. తిరువళ్ళూరు జయరామ్ మాత్రం, "మెడ వంచకుండా మాట్లాడే మనిషి ఇన్నాళ్ళకు దొరికింది" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మునిలక్ష్మి కూనిరాగాలు తీస్తూ పాత్రలు తోముతోంది. శుక్రవారం తాంబూలాలు. జయరామ్ చెల్లెలు కాన్పై పుట్టింట్లోనే ఉంది కాబట్టి, ఆమెకు లేహ్యం ఇచ్చి రమ్మని అవ్వ దేవకిని పంపింది. ఆ ఇంట్లో ముగ్గు చూడాలని కోకిల తోడు వచ్చింది.

తేరు నిలబెట్టే చోటుకు వెనక వీధిలో ఉంది ఆ ఇల్లు. బయట ఎండ కళ్ళు చీల్చేస్తోంది. గడప దాటగానే వెలుతురు ఒక్కసారిగా తగ్గింది. వేపాకు, సాంబ్రాణి, కాచిన నూనె, పసిబిడ్డ, అన్నీ కలిసిన ఒకే వాసన. దేవకికి బావి నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు అనిపించింది. మాటలు కూడా నీళ్ళలోంచి వచ్చినట్టు మెత్తగా వచ్చాయి.

"రా పాపా, రా. మీ అక్క రాలేదా? సిగ్గా? సరే, ఇంకెన్నాళ్ళులే." జయరామ్ తల్లి పొన్నమ్మ ఎదురొచ్చి డబ్బా అందుకుంది. "ఈయమ్మ యారు?"

"కోకిలక్క, అత్తా. మద్రాసు. బిడ్డలు పుట్టేదాన్ని గురించి చదవతా ఉండాది."

"దాంట్లో చదివేదానికి ఏముండాదిమ్మా. కంటే తెలస్తాది." పొన్నమ్మ కోకిలను పైనుంచి కిందికి చూసింది. "నీకు ఎందరు?"

"పెళ్ళి కాలేదండి."

"సరిపోయింది. ఈత రాకుండానే బాయి లోతు చెప్తావన్నమాట."

గదిలోంచి బాలింత కిసుక్కున నవ్వింది. వెంటనే "అబ్బా, నవ్వించబాకమా, కుట్లు" అంది. కోకిల కూడా నవ్వేసింది. ఆమెలో దేవకికి నచ్చేది అదే. ఎవరు ఎగతాళి చేసినా, మంచి సంగతి ఏదో చెప్పినట్టు వింటుంది.

"మంచి వేళకే వచ్చినారు. ఈ దినమే నీళ్ళు పోసేది. ముగ్గు ఏసేసి వస్తా, కూర్చోండి" అంది పొన్నమ్మ.

"మేం చూడొచ్చా?"

"మొగోళ్ళు చూడకూడదు. మీకేమి. ఈ పాప రేపో మాపో మా చుట్టమే గదా."

పొన్నమ్మ గడప లోపల తడిగుడ్డతో తుడిచి, గొంతుక్కూర్చుని, చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. బాలింత మంచం మీద ఒత్తిగిలి చూస్తోంది. బిడ్డ నిద్రలో పెదవులు చప్పరిస్తోంది. కోకిల విసనకర్రతో బిడ్డకు మెల్లగా విసురుతోంది. పిండి వేళ్ళ సందునుంచి సన్నగా, ఆగకుండా జారుతోంది. గీత ఒక చుక్క చుట్టూ తిరిగి, ఇంకో చుక్క వెనక్కి వెళ్ళి, కనపడకుండా పోయినట్టే పోయి మళ్ళీ బయటికి వచ్చింది. చూస్తూ చూస్తూ దేవకికి కళ్ళు బరువెక్కాయి. ఇక్కడ పైకి లేస్తుంది అనుకుంది, గీత పైకి లేచింది. ఇప్పుడు ఎడమకు తిరుగుతుంది అనుకుంది, తిరిగింది. తెలిసిన పాటకు మనసు ముందుగా నడిచినట్టు, దేవకి మనసు గీతకు ముందు నడుస్తోంది. ఇది తనకెలా తెలుసు అని అప్పుడు ఉలిక్కిపడింది.

అది వాళ్ళ ముగ్గే. అవ్వ ముగ్గే.

ఇంకా కుడి కొస మిగిలింది. చుట్టేయ్ అత్తా, అని దేవకి లోపల అనుకుంది. ఎందుకు అనుకుందో ఆ క్షణంలో ఆమెకు తెలియదు. గీత ఆ చుక్క దగ్గరికి వచ్చింది, ఎవరింటి ముందో ఆగి తలుపు తట్టకుండా వెళ్ళిపోయిన మనిషిలా పక్కనుంచి మళ్ళిపోయింది. చుక్క ఒంటరిగా బయట ఉండిపోయింది.

కోకిల చేతిలో విసనకర్ర ఆగింది.

పెద్దవాళ్ళను ప్రశ్న అడగడం దేవకికి ఎప్పుడూ చేతకాదు. బళ్ళో కూడా వెనక బెంచీయే. అలాంటిది ఇప్పుడు గొంతు దానంతట అదే వచ్చింది. "అత్తా, ఒక చుక్క వదిలేసినారే."

"దాన్ని చుట్టకూడదు పాపా."

"ఎందుకు?"

"మాయమ్మ చుట్టదు, నేనూ చుట్టను. నేనూ ఇట్లే అడిగితే, 'అది నీది కాదులేమే' అనింది. అంతకు మించి ఒక్క మాట చెప్పలా."

"మీ అమ్మగారు పుట్టింది ఏ ఊళ్ళో అండి?" కోకిల మెల్లగా అడిగింది.

"ఏమో. ఇప్పుడైతే ఆరణిలో మా అన్న దగ్గర ఉండాది. పుట్టిల్లు యాడమ్మా అంటే, 'నేను పుట్టలా, మొలిచినాను' అంటాది." పొన్నమ్మ చేతులు దులుపుకుని లేచింది. "ఏ వాకిలీ తల వంచకుండా దాటలేదు మాయమ్మ, అంత పొడుగు. మావాడికి ఆ పొడుగే వచ్చింది. మీ అక్క సంగతి చెప్తే ముసిల్దానికి ఎంత సంతోషమో. శుక్రవారం వస్తా ఉండాది. మీ అవ్వ పక్కన కూర్చోని వక్కాకు నమలాలంట."

బాలింతను, బిడ్డను నీళ్ళకు బయటికి తెచ్చేముందు పొన్నమ్మ ఆ పిండి గీతల మీద తడిగుడ్డ వేసి తుడిచింది. ముగ్గు చెరిగిపోయింది. ఆ ఇంట్లో ఇక దాని జాడ లేదు. దేవకి కళ్ళ లోపల మాత్రం అది అలాగే ఉంది.

రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. కోకిల ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు నీ తమిళ పుస్తకంలో రణపాల ఆకు పెట్టుకున్నావు కదా దేవకీ. దాని అంచున పిల్లమొక్కలు వచ్చాయి. వాటికి తండ్రి లేడు, తల్లి ఒక్కతే. మీ ముగ్గు కూడా అంతే. తల్లి నుంచి కూతురికి, అంతే దారి. చూడు, ఒకే అందం రెండు ఇళ్ళలో కనిపిస్తే ఎవరో ఎవర్నో చూసి వేసుకున్నారు అనుకోవచ్చు. ఒకే తప్పు, ఒకే చోట, రెండు ఇళ్ళలో కనిపిస్తే ఆ రెండూ ఒకే తల్లి దగ్గర నుంచి వచ్చినట్టు. ప్రాణుల చుట్టరికాలు కూడా చాలాసార్లు అలాగే..." అంటూ దేవకి ముఖం చూసి ఆపేసింది.

"అంటే పొన్నమ్మత్త వాళ్ళమ్మా, మా అవ్వా అక్కచెల్లెళ్ళా?"

"అయి ఉండొచ్చు."

"మా అవ్వకు ఎవరూ లేరక్కా. ఒంటి బిడ్డనని చెప్తాది."

బయట వరి మళ్ళ మీద కొంగలు రైలుకు భయపడకుండా నిలబడి ఉన్నాయి. దేవకి వేళ్ళు ముడిచి, విప్పి, వరసలు కలుపుకుంటోంది. అవ్వకు అక్క ఉంటే, ఆ అక్క కూతురు పొన్నమ్మ. అవ్వ కూతురు తన అమ్మ ధనకోటి. ఇద్దరూ అక్కచెల్లెళ్ళ బిడ్డలు.

"అట్లయితే పొన్నమ్మత్త అత్త కాదు. నాకు పెద్దమ్మ. జయరామ్ బావ, బావ కాదు."

"దేవకీ, విను. రక్తం లెక్కలో వాళ్ళిద్దరూ చాలా దూరం. మీ ఊళ్ళో మేనమామను చేసుకున్నవాళ్ళు లేరా?"

"ఉండారు. పక్కింటి ఇంద్రాణక్క."

"అది ఎంతో దగ్గర రక్తం. దానికి పందిరి వేసి పెళ్ళి చేస్తారు. ఇంత దూరం ఉన్నదానికి అడ్డమేమిటి?"

"ఊర్లో రక్తం చూడరక్కా. వరస చూస్తారు. అన్న వరసయ్యేవాణ్ణి కట్టుకుంటే మా ఇంట్లో ఎవరూ నీళ్ళు గూడా ముట్టరు." దేవకి కిటికీ వైపు తిరిగింది. "మా అక్క ఇప్పుడిప్పుడే పాడతా ఉండాది."

కోకిల తన అరచేతులు చూసుకుంది. "చెప్పాలా వద్దా అన్నది నేను చదివిన చదువులో లేదు దేవకీ" అంది. అంత చదివిన మనిషి తెలియదు అనడం దేవకి మొదటిసారి వింది.

తిరుత్తణిలో కోకిల తాను దిగిన ఇంటికి వెళ్ళిపోయింది. దేవకి బస్సు దిగి, ఒంటరిగా చేల గట్టు మీద నడిచి వచ్చింది. అమ్మానాన్నలు చేను నుంచి ఇంకా రాలేదు. మునిలక్ష్మి రవికె తెచ్చుకోవడానికి కుట్టేవాళ్ళ ఇంటికి వెళ్ళిందట. నట్టింట్లో అవ్వ ఒక్కతే కాళ్ళు చాపుకుని వేరుశెనక్కాయలు వలుస్తోంది. కూర్చున్నా అవ్వ తల గోడ మీద ఎత్తుగానే ఉంటుంది. ఈ ఇంట్లో పొడుగు ఎక్కడి నుంచి వచ్చిందో దేవకి ఇన్నాళ్ళూ ఆలోచించలేదు.

"లేహ్యం ఇచ్చినావా? బిడ్డ ఎట్లుంది?"

"బాగుంది."

చెప్పలేని సంగతి వస్తే దేవకి చేతులు ఏదో ఒకటి వెతుక్కుంటాయి. లోపలికి పోయి పిడికెడు బియ్యప్పిండి తెచ్చి, అవ్వ ఎదురుగా కూర్చుని, చుక్కలు పెట్టింది. అవ్వ వలుస్తూనే చూస్తోంది. గీత మెలికలు తిరుగుతూ కుడి కొసకు వచ్చింది. దేవకి ఒక్క క్షణం ఆగి, ఆ చుక్కను చుట్టేసింది.

అవ్వ ముందుకు వంగి, చుట్టిన గీతను బొటనవేలితో తుడిచేసింది. చుక్క మళ్ళీ బయటికి వచ్చింది.

"దాన్ని చుట్టకూడదు."

"ఎందుకవ్వా? 'అది నీది కాదులేమే' అంటావా?"

వేరుశెనక్కాయ అవ్వ చేతిలో పగలకుండా ఉండిపోయింది.

"ఆ మాట నీకు ఎవురు చెప్పినారు?"

"పొన్నమ్మత్తకు వాళ్ళమ్మ చెప్పిందంట. ఈ ముగ్గే ఏసిందవ్వా ఆమె. ఈ చుక్కే వదిలేసింది."

అవ్వ గోడకు ఆనుకుంది. పెరట్లో కోడి పిల్లలను పిలుచుకుంటోంది. సాయంత్రపు ఎండ కిటికీ కమ్మీల మధ్యగా ముగ్గు మీద పడింది. అవ్వ దేవకితో కాదు, ఆ ఎండతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"చెంగమ్మ." ఆ పేరును అవ్వ కొత్త బియ్యం నోట్లో వేసుకుని చూసినట్టు అంది. "మాయక్క. తిరుత్తణి ఇంకా చిత్తూరు జిల్లాలో ఉన్నప్పటి మాట. తొలికాన్పుకు వచ్చింది. బిడ్డ నిలబడలా. బిడ్డ పోయిన పొద్దు మాయమ్మ ఈ ముగ్గే మళ్ళా ఏసింది, ఆ చుక్కను వదిలేసి. అక్క పడుకునే, ఎందుకమ్మా దాన్ని వదిలేసినావు అనింది. 'అది నీది కాదులేమే' అనింది మాయమ్మ. చూసింది మేమిద్దరమే. ఇంకెవురూ చూళ్ళా."

"తర్వాత?"

"బిడ్డను మింగినదని మొగుడింట్లో ఉంచుకోలా. తిరిగి వస్తే మా నాయిన గడప ఎక్కనీలా. ఇచ్చిన బిడ్డ ఇచ్చిందే అన్నాడు. యాడనో మారుమనువు పోయిందని తెలిసినప్పుడు, చచ్చినోళ్ళకు పోసుకున్నట్టు తలకు నీళ్ళు పోసుకున్నాడు. మమ్మల్ని గూడా పోసుకోమన్నాడు. నీకు అక్క లేదు అనమన్నారు, లేదన్నాను. అనీ అనీ అదే నిజమైపోయింది." అవ్వ ఒళ్ళో పడ్డ తొక్కలు దులుపుకుంది. "పొడుగ్గానే ఉండాదంటనా ఇంకా?"

"ఏ వాకిలీ తల వంచకుండా దాటలేదంట."

అవ్వ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయి, చూపు గబుక్కున వీధి తలుపు వైపు పోయింది. అప్పుడు గాని ఆమెకు వరస తట్టలేదని దేవకికి అర్థమైంది.

"మునిలక్ష్మికి చెప్పినావా?"

"లేదు."

"చెప్పబాక. మీయమ్మకు గూడా."

"శుక్రవారం ఆమె వస్తాదవ్వా. మన ఇంటికే. నీ పక్కన కూర్చోవాలంట."

"రానీ. జరమని చెప్పి నేను లోపల పడుకుంటా. తాంబూలాలు మార్చుకోని పోతారు."

"మీ అక్క వచ్చి బయట కూర్చుంటే, నువ్వు లోపల పడుకుంటావా?"

అవ్వ వలవని కాయ ఒకటి తీసి, వలిచిన గింజల్లో వేసింది. మళ్ళీ ఇంకోటి వేసింది.

వీధిలో చెప్పుల చప్పుడైంది. మునిలక్ష్మి అలవాటుగా తల వంచి గడప దాటి వచ్చింది. చేతిలో కాగితం పొట్లం, ముఖం నిండా నడిచిన వేడి.

"అవ్వా, చేతులు సరిగ్గా కుట్టిందే ఆయమ్మ ఈసారి. చూడు, మణికట్టు దాకా వచ్చినాయి." అంటూనే నేల మీద చూసి ఆగింది. "ఎవురేసినారు? నువ్వా, దేవకీ? ఎంత బాగుండాదో. శుక్రవారం వాకిట్లో ఇదే ఏస్తా."

"అది పురిటి ముగ్గక్కా. వాకిట్లో ఏయకూడదు" దేవకి గబగబా అంది.

"ఏస్తే ఏమి? ఆయన వాళ్ళ అవ్వ వస్తా ఉండాదంట, ఆ ముసిలామెకు ముగ్గులంటే ప్రాణమంట. బండి దిగి మొదట చూసేది వాకిలే గదా. అవ్వా, ఏస్కోవచ్చునా?"

దేవకి అవ్వనే చూస్తోంది. వద్దను అవ్వా, అని లోపలే అనుకుంది. వాకిట్లో ఒంటరి చుక్క కనిపిస్తే ఆ ముసలామె గడప ఎక్కకముందే ఇది ఎవరిల్లో తెలుసుకుంటుంది. తాంబూలాలు పళ్ళెంలోనే ఉండిపోతాయి. చుక్కను చుట్టేసి ఉంటే, ఎవర్నో చూసి వేసుకున్నారులే అనుకుని, ముగ్గు మెచ్చుకుని, వక్కాకు నమిలి, చెల్లెలి ఇల్లని తెలియకుండానే ఆరణికి వెళ్ళిపోతుంది.

"ఏస్కో" అంది అవ్వ.

మునిలక్ష్మి రవికె పొట్లం పక్కన పెట్టి, అక్కడే కూర్చుని, దేవకి ముగ్గు పక్కన తన చుక్కలు పెట్టుకుంది. చెయ్యి పొడుగు కాబట్టి కూర్చున్నచోటి నుంచి కదలకుండానే కొస దాకా అందుతుంది. గీత తిప్పుతూ మళ్ళీ ఆ పాటే, పెదవులు కదపకుండా. దేవకి ముగ్గు చూస్తూ, తన ముగ్గు వేస్తూ, కుడి కొసకు వచ్చి చెయ్యి ఆపింది. దేవకి వేసినదానిలో అక్కడ గీత సగం తుడిచి ఉంది. చుట్టినట్టూ ఉంది, చుట్టనట్టూ ఉంది.

"అవ్వా, ఈ చుక్కను చుట్టాల్నా, వదలాల్నా?"

అవ్వ బొటనవేలికి పిండి ఇంకా తెల్లగా అంటుకునే ఉంది. దాన్ని చూసుకుంటూ కూర్చుంది. మునిలక్ష్మి నవ్వుముఖంతో తల ఎత్తి చూస్తోంది. పట్టుకున్న పిండి ఆమె వేళ్ళ సందునుంచి, ఎటూ కదలకుండా, ఆగినచోటే సన్నగా జారుతోంది.